మూడేళ్లు పెట్టుకోమంటారా అన్నా?

పోయిన ఎపిసోడ్ తర్వాత మీరు పంపిన ప్రశ్నలన్నీ కూర్చుని చదివాను. జీతాల గురించి, నోటీస్ పీరియడ్ గురించి అడిగినవాళ్లు కొంతమంది ఉన్నారు, వాటికి ఇంకోసారి చెప్తాను. ఎక్కువమంది అడిగింది మాత్రం ఒక్కటే. పుత్తూరు నుంచి, పీలేరు నుంచి, మదనపల్లె నుంచి, ఇక్కడ తిరుపతి నుంచి, మాటలు వేరుగానీ ప్రశ్న అదే. "అన్నా, ఫ్రెషర్ అంటే ఎవురూ పిలవడం లేదు. మూడేళ్లు పెట్టుకోమంటారా?"

పెట్టుకోవడం. ఆ మాట చూడండి. టోపీ పెట్టుకున్నట్టు, కళ్లజోడు పెట్టుకున్నట్టు మూడేళ్ల అనుభవం పెట్టుకోవడం. బెంగుళూరు పీజీల్లో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర ఈ మాట ఎంత మామూలైపోయిందంటే, అది అబద్ధం చెప్పడం అని ఎవరికీ అనిపించడం లేదు. ఏదో ఒక సర్టిఫికేషన్ చేసినట్టు అడుగుతున్నారు.

నన్ను కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క మాట. మాది పలమనేరు వైపు. ఈ పనిలోకి వచ్చి 16 ఏళ్లయింది. ముందు చెన్నై, తర్వాత బెంగుళూరు, 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ పట్టుకొని తిరుపతి వచ్చినాను, అప్పటి నుంచి చాలావరకు ఇక్కడి నుంచే పని. మధ్యలో చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. కాబట్టి టేబుల్‌కి అటువైపు కూర్చుంటే ఏం కనిపిస్తుందో కొంచెం తెలుసు.

ముందే చెప్తున్నా, మిమ్మల్ని తిట్టడానికి ఈ ఎపిసోడ్ పెట్టలేదు. కంపెనీల ప్రకటనలు నేను కూడా చూస్తాను. పైన "ఎంట్రీ లెవెల్" అని ఉంటుంది, కింద "అనుభవం: 2 నుంచి 3 ఏళ్లు" అని ఉంటుంది. ఇది రాసినవాళ్లని పట్టుకొని అడగాలి, ఆ రెండేళ్లు ఈ పిల్లలు ఎక్కడ తెచ్చుకోవాలి స్వామీ అని. ఇంకోపక్క ఇంట్లో పరిస్థితి. రెండు పాడి ఆవుల మీద, రెండెకరాల తోతాపురి మామిడి మీద చదివించిన ఇల్లు. ఆ ఏడాది కాయకి ధర లేకపోతే పీజీకి డబ్బులు పంపడమే కష్టం. నాయన ఫోన్ చేసి ఉద్యోగం గురించి అడగడు. "తిన్నావా" అని అడుగుతాడు. ఆ "తిన్నావా"లో ఏముందో మీకూ తెలుసు. అదే రోజు రాత్రి రూమ్మేట్ అంటాడు, "నేను కూడా పెట్టుకున్నా మామా, ఏం కాలేదు" అని.

సరే, ఏమవుతుందో చెప్తాను.

కన్సల్టెన్సీ వాడు డబ్బులు తీసుకొని మీకు ఒక సెట్ ఇస్తాడు. ఆఫర్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు, ఎవరైనా ఫోన్ చేస్తే "అవును, మా దగ్గరే చేశాడు" అని చెప్పే ఒక నంబరు. ఒకప్పుడు ఇది నడిచింది, కాదనను. కానీ 2014 అక్టోబరులో పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు వచ్చింది. మీరు ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒకటే. ఏ కంపెనీ ఏ నెలలో ఎంత కట్టిందో పాస్‌బుక్‌లో వరుసగా ఉంటుంది. వెరిఫికేషన్ వాళ్లు ముందు అడిగేది అదే. "చిన్న కంపెనీ సార్, 20 మంది లేరు, పీఎఫ్ లేదు" అని చెప్పమని కన్సల్టెన్సీ వాడు నేర్పిస్తాడు. అప్పుడు జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. పన్ను కోసి ఉంటే ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి. ఒక కాగితం తయారు చేయడం తేలిక. మూడు వేరు వేరు ఆఫీసుల దగ్గర ఉన్న లెక్కలు, మూడేళ్లు, నెల నెలా, ఒకదానితో ఒకటి సరిపోయేట్టు తయారు చేయడం మాటలు కాదు. ఇంకొక విషయం, దొంగ కాగితం చూపించి ఉద్యోగం తీసుకోవడం నేరం కిందికి వస్తుంది. ఎక్కువ కంపెనీలు కేసు దాకా పోకుండా బయటికి పంపించేస్తాయి, అంతే తేడా.

అసలు కష్టం వెరిఫికేషన్ కాదు. ఇది ఎవరూ మీకు చెప్పరు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను.

కొన్నేళ్ల కిందట బెంగుళూరులో నేను లీడ్‌గా ఉన్న టీమ్‌లోకి ఒక అబ్బాయి వచ్చాడు. కంపెనీ పేరు, అబ్బాయి ఊరు వదిలేద్దాం. మన జిల్లావాడే. మూడున్నరేళ్ల అనుభవం అని కాగితంలో ఉంది. మంచి పిల్లోడు, అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక పోయేవాడు. మూడో వారంలో ఒక చిన్న పని ఇచ్చాం. రోజుకి ఒకసారి నడిచే ఒక జాబ్ మధ్యలో ఆగిపోతోంది, ఎందుకో చూడు అని. రెండు రోజులు గడిచాయి. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రాత్రి పదకొండుకి చాట్‌లో పచ్చలైట్ వెలుగుతూనే ఉంది, ఏమైనా కావాలా అంటే "లేదన్నా, చూస్తున్నా" అంటాడు.

నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఎందుకంటే ఆ లాగ్స్ ఎక్కడుంటాయో మేము వాడికి చెప్పలేదు! చెప్పాల్సిన బాధ్యత ఉన్న ఇంకొకాయన సెలవులో ఉన్నాడు. నిజంగా ఫ్రెషర్ అయితే మొదటి పది నిమిషాల్లో అడిగేవాడు, "అన్నా, లాగ్స్ యాడుంటాయి?" అని. నిజంగా మూడేళ్లు చేసినవాడైతే అయిదు నిమిషాల్లోనే అడిగేవాడు. వాడు రెండూ కాదు. అడిగితే దొరికిపోతానేమో అని రెండు రోజులు ఆ చీకట్లో కూర్చున్నాడు.

ఫ్రెషర్‌కి ఈ ఫీల్డ్‌లో ఒక హక్కు ఉంటుంది. "నాకు తెలీదు, చెప్పండి" అనే హక్కు. ఏడాది, ఏడాదిన్నర పాటు ఎంత చిన్న ప్రశ్న అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు, పైగా బాగా అడుగుతున్నాడు అంటారు. మేమందరం పని నేర్చుకున్నది ఆ ఏడాదిలోనే. మూడేళ్లు పెట్టుకున్న రోజు ఆ హక్కు మీరే అమ్మేసుకుంటున్నారు. దానికి ఎదురు డబ్బులు కూడా ఇస్తున్నారు.

ఆ అబ్బాయి నాలుగో వారంలో నాతో చెప్పేశాడు, క్యాంటీన్‌లో, ప్లేటు ముందర పెట్టుకొని, తినకుండా. రిపోర్ట్ వచ్చేలోపు నువ్వే హెచ్‌ఆర్ దగ్గరికి పోయి చెప్పు అన్నాను. పోయాడు. రాజీనామా తీసుకున్నారు, రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. ఆరేడు నెలలు ఖాళీగా ఉన్నాడు, ఇంట్లో అప్పు అలాగే ఉంది. తర్వాత ఊరికి దగ్గర్లోనే లాడ్జిలకి, చిన్న ఆస్పత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న ఆఫీసులో చేరాడు. బెంగుళూరు జీతంలో మూడో వంతు. ఇప్పటికీ అక్కడి జీతం తక్కువే అని నాతో అంటూ ఉంటాడు. దీన్ని నేను సుఖాంతం అని చెప్పను. కానీ ఇప్పుడు వాడితో మాట్లాడితే తేడా తెలుస్తుంది, కరెంట్ పోయి వచ్చినప్పుడు సగం రాసిన బిల్లు ఏమవుతుందో అరగంట చెప్తాడు.

"సరే అన్నా, అనుభవం లేకుండా అనుభవం ఎట్లొస్తుంది?" ఇది న్యాయమైన ప్రశ్న. అందరూ చేసే "టు డూ లిస్ట్" ప్రాజెక్టు చేయమని నేను చెప్పను. నేను ఇంటర్వ్యూలో వాటిని చూసీ చూసీ అలిసిపోయాను. మీరు తిరుపతిలో ఉన్నారు కదా, మీ కళ్ల ముందున్నదే చెప్తాను.

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు మీ ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దున పదింటికి ముందే చుట్టాలందరూ ఫోన్ చేస్తారు, "నువ్వు కంప్యూటర్ చదివినావు గదా, నువ్వైతే తొందరగా కొడతావు" అని. ఆ పది గంటల నిమిషంలో ఎంతమంది ఒకేసారి ఆ తలుపు తడతారో ఊహించండి. అందరినీ ఒకేసారి లోపలికి వదిలితే ఎవరికీ టికెట్ రాదు, సర్వర్ పడిపోతుంది. అందుకే ముందు ఒక వెయిటింగ్ పేజీ వస్తుంది, మీ వంతు వచ్చేదాకా ఉండండి అని.

ఇప్పుడు కొండపైకి పోదాం. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఏం చేస్తారు? వచ్చినవాళ్లని వచ్చినట్టు గుడిలోకి వదలరు. కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారు. పాలు ఇస్తారు, అన్నప్రసాదం ఇస్తారు. ఒక్కో కంపార్ట్‌మెంట్ తలుపు తీస్తారు. ఎప్పుడు తీయాలి అనేది బయట ఎంతమంది అరుస్తున్నారు అనేదాన్ని బట్టి కాదు, లోపల బంగారు వాకిలి దగ్గర లైను ఎంత వేగంగా కదులుతోంది అనేదాన్ని బట్టి. లోపల నెమ్మదిస్తే ఆ సంగతి వెనక్కి, వెనక్కి, తలుపు దగ్గరున్న మనిషి దాకా రావాలి. మా భాషలో దీన్ని బ్యాక్ ప్రెషర్ అంటారు. కంపార్ట్‌మెంట్లు నిండిపోతే నారాయణగిరి షెడ్లు. అవీ నిండితే లైను బయట రోడ్డు మీదికి వస్తుంది. అంటే క్యూకి ఒక హద్దు ఉంది, హద్దు దాటితే ఏం చేయాలో ముందే అనుకొని పెట్టుకున్నారు. ఇక కింద తిరుపతిలో శ్రీనివాసం దగ్గర, విష్ణు నివాసం దగ్గర, అలిపిరిలో భూదేవి కాంప్లెక్స్ దగ్గర టైం స్లాట్ టోకెన్లు ఇస్తారు. అది ఇంకా తెలివైన పని, మనిషి కొండెక్కకముందే ఏ గంటకి రావాలో చెప్పేయడం. సిస్టమ్ డిజైన్ అని పెద్ద పెద్ద కోర్సులు కొంటారు కదా, అందులో ఉన్న నాలుగైదు ముఖ్యమైన పాఠాలు మీరు చిన్నప్పటి నుంచీ కాళ్లు నొప్పి పుట్టేలా నిలబడి నేర్చుకున్నవే. వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయని తెలీదు, అంతే.

దీన్ని తీసుకొని మీ లాప్‌టాప్‌లో చేయండి. 100 టికెట్లు ఉన్న ఒక చిన్న బుకింగ్. ఉచితంగా దొరికే డేటాబేస్ చాలు. 1000 మంది ఒకే క్షణంలో అడిగినట్టు ఒక స్క్రిప్ట్ రాసి కొట్టండి. ఉన్నవి 100 అయితే అంతకంటే ఎక్కువ అమ్ముడుపోయి ఉంటాయి చాలాసార్లు. ఎందుకు? "ఇంకా ఒకటి ఉందా" అని చూడటానికి, "సరే, తీసుకున్నా" అని రాయడానికి మధ్యలో ఒక సందు ఉంది. ఆ సందులో ఇద్దరు దూరారు. దాన్ని మూయండి. మూశాక నెమ్మదైపోతుంది, అది ఎందుకో చూడండి. తర్వాత డబ్బులు కట్టే భాగం. బ్యాంకు డబ్బు తీసుకుంది, "తీసుకున్నాం" అనే జవాబు దారిలో పోయింది. మనిషి మళ్లీ బటన్ నొక్కాడు. రెండోసారి డబ్బులు కోయకూడదు, మొదటిసారి కట్టినవాడికి టికెట్ రాకుండా ఉండకూడదు. ఎట్లా? నేను చెప్పను. రెండు మూడు వారాలు దీనితో కూర్చోండి. దీనితో కూర్చుని వచ్చిన ఫ్రెషర్ ఇంటర్వ్యూలో మాట్లాడితే నాకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కోడ్ చూడక్కర్లేదు. "మొదటిసారి ఏం తప్పింది?" అని అడుగుతాను. కూర్చున్నవాడి ముఖం వెలుగుతుంది. కొనుక్కొచ్చినవాడు నేను ఎదురుచూడని మాట ఏదో ఒకటి అంటాడు.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, నేనూ వాడతాను. ఆ టూల్ రాసిచ్చిన బుకింగ్‌ని కూడా పైన చెప్పినట్టు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. మన ప్రాంతం వాళ్లకి మాత్రమే తెలిసే విషయాలు కొన్ని ఉన్నాయి, వాటికి ఈ పనిలో చాలా విలువ. పేర్లే తీసుకోండి. మన దగ్గర తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో ఇంటిపేరే లేదు, నాయన పేరులో మొదటి అక్షరం ఇనిషియల్. ఇప్పుడు ఒక ఫారంలో "లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం 2 అక్షరాలు" అని పెట్టారనుకోండి, సగం తాలూకా ఆ ఫారం నింపలేదు. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో అమెరికా వీసాకి పోయినవాళ్లకి ముందు పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడింది, ముందు పేరు తెలీదు అని దాని అర్థం. 2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్, పేర్ల గురించి మా వాళ్లు నమ్మే అబద్ధాలన్నీ ఒక పెద్ద జాబితాగా రాశాడు. అది చదివి ప్రపంచం ఆశ్చర్యపోయింది. చిత్తూరులో రేషన్ కార్డు రాసే ఆయనకి అందులో చాలావరకు ముందే తెలుసు.

పుట్టిన తేదీ కూడా అంతే. ఒక ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌లో పేరు, పుట్టిన తేదీ కలిపితే చాలు, ఇద్దరికి ఒకటే రాదు అని డిజైన్‌లో రాసిపెట్టారు. నేను మీటింగ్‌లో చెప్పాను, మా ఊళ్లో మా నాయన తరంలో ఎంతమందో జూన్ 1నో, జూలై 1నో పుట్టారు అని. అందరూ నవ్వారు. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలీకపోతే అయ్యవారు అదే రాసేవారు కదా. ఒకే పేరు, ఒకే తేదీ ఉన్న ఇద్దరి రికార్డులు కలిసిపోతే ఒకరి బ్లడ్ గ్రూపు ఇంకొకరికి పోతుంది. అది చెప్పాక నవ్వు ఆగింది. డిజైన్ మార్చారు. నాకు ఆ రోజు అక్కరకొచ్చింది కంప్యూటర్ చదువు కాదు.

ఇంకా పెద్ద ఉదాహరణ, 2018 ఫిబ్రవరి. ప్రపంచమంతా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరానికి పడిపోయాయి, గుర్తుందా? "జ్ఞా". మామూలుగా మనం టైప్ చేసే జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకటి ఇరుక్కున్న జ్ఞా. అది మెసేజ్‌లో వస్తే యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగింది ఏంటి? ఆ అక్షరం స్నేహితులకి పంపి ఏడిపించడం! మనీశ్ గోరేగావ్‌కర్ అనే ఇంజినీరు మాత్రం కూర్చుని, ఆ అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టి, ఇది తెలుగుకి మాత్రమే కాదు, బెంగాలీలో, దేవనాగరిలో కూడా ఫలానా వరుసలో వస్తే ఇదే జరుగుతుంది అని రాసి పెట్టాడు. అతని దగ్గర ఆపిల్ కోడ్ లేదు. బయటి నుంచే పట్టుకున్నాడు. ఒత్తు ఎక్కడ చేరుతుంది, గుణింతం ఎక్కడ చేరుతుంది అనేది ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన మనకి ఆ పని ఇంకా తేలిక కావాలి కదా. తెలుగు ఫాంట్లలో, కీబోర్డుల్లో, వెతకడంలో ఇప్పటికీ సరిగా లేనివి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని ఓపెన్ సోర్స్. ఎవరి అనుమతీ అక్కర్లేదు. బగ్ రాయండి, సరిచేసి పంపండి. "గిట్‌లో తేదీలు కూడా మార్చొచ్చు" అని మీలో ఎవరో ఒకరు అంటారు. మార్చొచ్చు. కానీ మీ కోడ్ మీద ముక్కూ మొహం తెలీని నలుగురు వాదించిన చర్చని తయారు చేయలేరు.

చివరగా, ఒక చెల్లెలు చంద్రగిరి నుంచి అడిగింది. చదువైపోయి రెండేళ్లు, అమ్మకి బాగాలేక ఇంట్లో ఉండాల్సి వచ్చింది, ఈ గ్యాప్‌ని ఏమని చెప్పాలి, ఆ రెండేళ్లే పెట్టుకుంటే పోతుంది కదా అంది. వద్దమ్మా. "అమ్మకి బాగాలేదు, నేను చూసుకున్నాను" అని ఒక్క వాక్యంలో చెప్పు. తర్వాత ఆగిపో, వివరణ ఇవ్వకు. ఆ మాటకి ముఖం చిట్లించే ఇంటర్వ్యూయర్లు ఉంటారు, లేరని చెప్పను. ఫ్రెషర్ అనే అప్లై చేయి. డెవలపర్ పోస్టులకే కాకుండా టెస్టింగ్‌కి, సపోర్ట్‌కి కూడా పెట్టు. సపోర్ట్‌లో లాగ్స్ చదవడం వస్తుంది, కోడ్ రాసేవాళ్లలో చాలామందికి రానిది అదే. శ్రీసిటీలో ఫ్యాక్టరీలున్నాయి, వాటికీ సాఫ్ట్‌వేర్ పని ఉంటుంది. తిరుపతిలో, చిత్తూరులో చిన్న ఆఫీసులున్నాయి. చేరేముందు రెండు అడుగు: జీతం బ్యాంకులో వేస్తారా, పీఎఫ్ కడతారా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టాలి అంటే మాత్రం లేచి వచ్చేయి.

వచ్చే ఎపిసోడ్‌లో నోటీస్ పీరియడ్, బాండ్ గురించి మాట్లాడతాను. మీ దగ్గర బాండ్ కాగితం ఉంటే పేర్లు కొట్టేసి పంపండి, అందులో ఏముందో వరుస వరుసా చదువుదాం. ఉంటానండీ.